పిల్లిగద్ద వచ్చిన వారం

రాత్రి పదికి ఎక్కుతాం డ్యూటీ,
రాజానుకుంటె దాటినాక ఆ నీలం రేకుల గోడౌన్‌లో.
తలుపు మీద ఎర్ర అంకె:
మైనస్ ఇరవై రెండు.

మాది కళ్యాణదుర్గం పక్క.
నాకు తెలిసిన చలంతా
శెనక్కాయ చేనికి కావలి పోయినప్పుడు
తెల్లారుజామున గోనెసంచి కప్పుకున్నంత.
ఇక్కడ ఐస్‌క్రీం డబ్బాలకు కావలి.
మొదటి వారం కనురెప్పలు ఒకదానికొకటి అంటుకున్నాయి,
రిగ్జిన్ నవ్వినాడు.

లద్దాఖ్ వాడు. ఫోర్క్‌లిఫ్ట్ తోల్తాడు.
వచ్చీరాని కన్నడంలో అన్నాడు:
"ఒకటే మందం కోటు వద్దు,
రెండు పల్చటి చొక్కాలేసుకో, నడుమ గాలిని పెట్టుకో.
మా యాక్ చేసేదీ అదే.
వెచ్చన ఉన్నిలో లేదు,
ఉన్ని పట్టుకున్న గాలిలో ఉంది."

నలభై నిమిషాలకొకసారి బయటికి వదుల్తారు.
టీ తాగుతా వాళ్ల మొక్కల సంగతి చెప్తాడు.
నిలబడవంట. కూచుంటాయంట.
పిడికెడు పిడికెడు ఒకదాన్నొకటి ఆనుకొని
మెత్తటి బండరాయి మాదిరి.
వేలు దూర్చి చూస్తే లోపల
గాలికి తెలియకుండా దాచుకున్న రొంత ఎండ.
తాత చూసినప్పుడు ఎంతుండెనో
మనవడు చూసినప్పుడూ దాదాపు అంతే.

నేనేమన్నా తక్కువా?
బ్రహ్మజెముడు సంగతెత్తినా.
ఆకులొద్దనుకొని ముళ్లు చేసుకుంది.
పగలంతా నోరు మూసుకుంటాది,
ఎండ ఎంత అడిగినా ఒక్క చుక్క ఇయ్యదు.
చీకటి పడినాకనే ఊపిరి తీసుకునేది.
రిగ్జిన్ గ్లాసు కింద పెట్టి నన్ను చూసినాడు.
నేను వాణ్ని చూసినా.
పగలంతా రేకుల గదిలో తలుపేసుకొని పడి ఉండి
రాత్రి పదికి నోరు తెరిచేవాళ్లం.

కప్ప సంగతి మాత్రం నమ్మలేదు వాడు.
"కుంట ఎండితే యాడికి పోతుంది?"
యాడికీ పోదురా.
ఉన్నచోటే కిందికి దిగుతాది,
మట్టి కప్పుకొని, గుండెను మెల్లగ చేసుకొని
వానను వినేదాకా.
మా తిప్పేస్వామి కుంట పూడిక తీస్తా
ఒకదాన్ని ఉర్లగడ్డనుకొని బుట్టలో ఏసినాడు.
సాయంత్రానికి ఉర్లగడ్డ ఎగిరింది.

నవంబర్‌లో ఒక ఆదివారం, హెసరఘట్ట బయలు.
మోకాలెత్తు గడ్డి, తేనెరంగుకు తిరిగింది.
బైకు ఆపి ఒకాయన విజిటింగ్ కార్డ్ ఇచ్చినాడు:
"చూస్తాండారు కదా సార్, అంతా ఖాళీ జాగా. ఏమీ లేదు."
ఆయన పోయినాక అడుగేయబోతే
మట్టిపెళ్ల ఒకటి కీచుమని ఎగిరింది.
ఇంగో నాలుగడుగులకు
చెవులపిల్లి పడుకొని లేచిన గుంత.
చెయ్యి పెట్టి చూసినా, ఇంకా వెచ్చగుండాది.
దాక్కునేదానికి చెట్టు లేనిచోట
నేలరంగు కావడమొకటే దారి.
ఏమీ లేదని ఆయన చేత అనిపించుకోవడంలోనే
వాటి బతుకుండాది.

పొద్దు వాలతాంటే అది వచ్చింది.
పొడుగు రెక్కలు, బూడిదరంగు,
గడ్డి కొసలను తాకీ తాకకుండా
ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతా.
పిల్లిగద్ద, అన్నాను నేను.
రిగ్జిన్ దాన్ని వాళ్ల పేరుతో పిల్చినాడు, నాకు నోరు తిరగలేదు.
మంచు పడకముందే వాళ్ల కొండల మీంచి పోతాయంట ఇట్లాంటివి,
అవతల చెట్టన్నదే లేని ఏదో గడ్డిదేశం నుంచి.

ఇంత దూరమొచ్చి
ఇన్ని చెట్లున్న ఊరి పక్కన
అది చెట్టు మీద వాలలేదు.
రెండు చుట్లు తిరిగి గడ్డిలోకి దిగింది.
కొమ్మ మీద పడుకోవడం నేర్చుకోలేదో,
అక్కర్లేదనుకుందో.
మేము చానాసేపు మాట్లాడలేదు.

బస్సులో అందరూ స్వెటర్లు, మంకీ క్యాపులు.
రిగ్జిన్ ఒట్టి టీషర్టు మీద ఉండాడు, అది మామూలే.
యలహంకలో దిగినాక గాని చూసుకోలేదు
నేనూ అంతేనని.
పోయినేడు ఇదే నెలలో నేను వణికినా కదా.
ఎప్పుడు మారిందో ఈ తోలు
నన్ను అడగనైనా అడగలేదు.

సోమవారం తలుపు మీద అదే ఎర్ర అంకె.
లోపలికి పోయేముందు
రెండు చొక్కాల నడుమ రొంత గాలి సర్దుకున్నా.
పైచొక్కా ఆదివారందే, ఉతకలేదు.
గడ్డి వాసన ఇంకా ఉండాది.